బంతి చేతిని వీడే క్షణం

బేస్‌బాల్‌లో పిచర్ విసిరిన బంతి ఎటు పోతుందన్నది అది అతని వేళ్లను వీడిన క్షణానికే తేలిపోతుంది. చెయ్యి తల పక్క నుంచి ముందుకు తిరిగివస్తుండగా కాస్త ముందే వదిలితే బంతి పైకి పోతుంది. కాస్త ఆలస్యమైతే బ్యాటర్ కాళ్ల ముందు మట్టిలో దిగబడుతుంది. క్రికెట్ బౌలర్‌కూ ఇదే జరుగుతుంది గానీ, అక్కడ బంతి నేలను తాకి లేస్తుంది కాబట్టి నిడివిలో వచ్చిన తేడా కొంతవరకు చెల్లిపోతుంది. షార్ట్‌పిచ్ బంతికి కూడా వికెట్ పడవచ్చు. బేస్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. 43 సెంటీమీటర్ల వెడల్పున్న హోమ్ ప్లేట్ మీదుగా, బ్యాటర్ మోకాళ్లకూ ఛాతీకీ మధ్య, గాలిలోనే బంతి దాటాలి. ఈ హద్దునే స్ట్రైక్ జోన్ అంటారు. అలా దాటనివి, బ్యాటర్ కొట్టబోకుండా వదిలేసినవి నాలుగైతే అతను హాయిగా మొదటి బేస్‌కు నడిచి వెళ్తాడు. దాన్ని వాక్ అంటారు. పిచర్ అదుపులో ఉన్నాడా లేదా అన్నది ముందుగా ఆ వాక్‌ల లెక్కలోనే కనిపిస్తుంది.

ఆ క్షణం ఎంత చిన్నదో ఒక లెక్క వేస్తే అర్థమవుతుంది. గంటకు 90 మైళ్ల వేగమంటే సెకనుకు సుమారు 40 మీటర్లు. విసిరే చెయ్యి ఒక మీటరు వ్యాసార్ధమున్న వృత్తంలో తిరుగుతోందనుకుంటే ఒక్క మిల్లీసెకనులో దాని దిశ రెండు డిగ్రీలకు పైగా మారిపోతుంది. పిచర్ చెయ్యి బంతిని వదిలే చోటుకూ ప్లేట్‌కూ మధ్య దూరం దాదాపు 16.5 మీటర్లు. అంత దూరం వెళ్లేసరికి ఆ తేడా 60 సెంటీమీటర్లు దాటుతుంది. స్ట్రైక్ జోన్ ఎత్తే ఇంచుమించు అంత. నిజానికి మంచి పిచర్ చెయ్యి వదిలే వేళకు పూర్తి వృత్తంలో తిరగదు. మొండెం ముందుకు వంగడంతో ఆ దారి కొంత చదునవుతుంది, అతనికి ఇంకాస్త సమయం చిక్కుతుంది. అయినా లెక్క మిల్లీసెకన్లలోనే. కోచ్ కంటికి గానీ పిచర్ స్పృహకు గానీ అందని కొలత ఇది. ఇలాంటిదాన్ని సరిదిద్దాలని మనుషులు నూట యాభై ఏళ్లుగా కష్టపడుతున్నారు. వాళ్ల చూపు మొదట వేళ్ల మీద ఉండేది. అక్కడి నుంచి భుజానికి, నడుముకు, చివరికి నేల మీద ఆనే పాదానికి దిగింది. తప్పు కనిపించే చోటు ఒకటి, పుట్టే చోటు మరొకటని తెలుసుకోవడానికి అంతకాలం పట్టింది.

ఆట పుట్టినప్పుడు ఈ సమస్యే లేదు. న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ క్లబ్బు 1845లో రాసుకున్న నిబంధనల ప్రకారం బంతిని చెయ్యి కింది నుంచి ఊపి అందించాలి, విసరకూడదు. బ్యాటర్ కొట్టడానికి వీలుగా బంతి ఇవ్వడమే పిచర్ పని. 1860 ప్రాంతంలో బ్రూక్లిన్ ఎక్సెల్సియర్ జట్టుకు ఆడిన జిమ్ క్రైటన్ ఆ మర్యాదను మార్చేశాడు. చెయ్యి కిందే ఉంచి, వదిలే వేళ మణికట్టును ఒక్క విదిలింపు విదిలించి, అప్పటిదాకా ఎవరూ చూడని వేగం రాబట్టాడు. 1862లో 21 ఏళ్లకే అతను చనిపోయాడు గానీ, పిచర్ బ్యాటర్‌కు ప్రత్యర్థి అన్న భావన అప్పటికే పాతుకుపోయింది. తరువాత క్యాండీ కమింగ్స్ వచ్చాడు. చిన్నప్పుడు ఆల్చిప్పలు విసిరితే అవి గాలిలో వంపు తిరగడం చూసి, బంతినీ అలా తిప్పాలనుకున్నానని, 1867లో అది సాధించానని చెప్పుకున్నాడు. కర్వ్‌బాల్‌ను కనిపెట్టిన ఘనత ఎవరిదన్న వాదన ఎన్నటికీ తెగలేదు గానీ, 1939లో అతనికి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఈ ఇద్దరి విద్యా వేళ్లలో, మణికట్టులో ఉంది. అందువల్ల తొలితరం పిచర్లు బంతి సరిగా పడకపోతే వేళ్లనే నిందించుకునేవారు.

నిబంధనలు ఆటగాళ్ల వెనకే నడిచాయి. 1872లో మణికట్టు విదిలింపును ఒప్పుకున్నాయి. 1883లో నేషనల్ లీగ్ చేతిని భుజం ఎత్తు వరకు లేపనిచ్చింది, 1884లో ఆ హద్దునూ తీసేసింది. చెయ్యి తల మీదికి లేవడంతో వేగం పెరిగింది, వదిలే క్షణం కుంచించుకుపోయింది. 1893లో మరో పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు పిచర్ ఒక గీసిన పెట్టెలో నిలబడి, వెనక పాదాన్ని ప్లేట్‌కు 55 అడుగుల 6 అంగుళాల దూరంలోని గీత మీద ఉంచేవాడు. ఇప్పుడు ఆ పెట్టెను తీసేసి 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఒక రబ్బరు పలకను నేలలో పాతారు. పాదం దానికి ఆని ఉండాలి. ఏమస్ రూసీ లాంటి పిచర్ల వేగాన్ని బ్యాటర్లు తట్టుకోలేకపోవడమే ఈ మార్పుకు కారణమని చెబుతారు. పాత దూరానికి అలవాటుపడ్డ చేతులన్నీ బంతిని ఎప్పుడు వదలాలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. ఆ దూరం నేటికీ మారలేదు. పిచర్ నిలబడే మట్టి దిబ్బ మౌండ్ ఎత్తు మాత్రం మారింది. 1968లో పిచర్ల జోరుకు పరుగులు మరీ పడిపోవడంతో 1969లో దాన్ని 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు దించారు. అప్పుడూ చాలామంది ఇబ్బంది పడ్డారు. దిబ్బ వాలు తగ్గితే ముందు పాదం నేలను ముందుగానే తాకుతుంది, చెయ్యి ఇంకా వెనకే ఉండిపోతుంది.

ఈ కదలికను తొలిసారి ముక్కలు ముక్కలుగా చూపించినవాడు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్. 1884 నుంచి ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వరుసగా అమర్చిన కెమెరాలతో మనుషుల, జంతువుల కదలికలను ఫొటోలు తీసి 1887లో 781 ఫలకాలుగా అచ్చువేశాడు. వాటిలో బేస్‌బాల్ విసిరే యువకుల వరుసలూ ఉన్నాయి. కానీ ఆ ఫలకాలు ఆట మైదానానికి చేరలేదు. పిచర్లకు నేర్పేది పాత పిచర్లే, నేర్పే పద్ధతి నోటి మాటే. జట్టుకు ప్రత్యేకంగా పిచింగ్ కోచ్ ఉండడం కూడా ఇరవయ్యో శతాబ్దం మధ్యకు గానీ మామూలు కాలేదు. బంతి పైకి పోతే 'ఇంకాస్త ఆగి వదులు' అనేవారు, కింద పడితే 'ఇంకాస్త ముందు వదులు' అనేవారు. తార్కికంగా సరైన సలహాయే. ఆచరించడానికి మాత్రం ఎవరివల్లా కానిది.

1940లలో బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ దీనికి ఒక పరికరం వాడాడు. అది చాలా సాదాగా ఉంటుంది. ప్లేట్‌కు రెండు పక్కలా రెండు కర్రలు పాతి, వాటి మధ్య తాళ్లు కట్టి, స్ట్రైక్ జోన్ కొలతలతో గాలిలో ఒక చట్రం తయారుచేసేవారు. బ్యాటర్ ఎత్తును బట్టి తాళ్లను జరుపుకోవచ్చు. ఫ్లోరిడాలోని వీరో బీచ్‌లో 1948లో మొదలైన డాడ్జర్స్ శిబిరంలో యువ పిచర్లు గంటల తరబడి ఆ తాళ్ల మధ్య నుంచి బంతులు వేసేవారు. ఈ పద్ధతిలో గొప్పతనం ఏమిటంటే పిచర్‌కు చెయ్యి గురించి ఎవరూ ఏమీ చెప్పరు. బంతి తాడు పైనుంచి పోయిందా, కింద నుంచి పోయిందా, లోపల నుంచి పోయిందా అన్నది అతని కళ్లకు కనిపిస్తుంది. శరీరం తనంతట తాను సర్దుకుంటుంది. లక్ష్యం మీద దృష్టి పెట్టినవాడు తన అవయవాల మీద దృష్టి పెట్టినవాడికంటే బాగా నేర్చుకుంటాడని తరువాతి కాలపు క్రీడా శాస్త్రం చెప్పిన మాటకు ఈ తాళ్లు ముందే ఒక రూపమిచ్చాయి.

తాళ్లు అందరినీ బాగుచేయలేదు. బాల్టిమోర్ ఓరియోల్స్ సంస్థలో స్టీవ్ డల్కౌస్కీ అనే ఎడమచేతి పిచర్ ఉండేవాడు. అతనంత వేగంగా విసిరినవాడు మరొకడు లేడని చూసినవాళ్లు చెబుతారు. 1958లో అతని వేగాన్ని కొలవడానికి అబర్డీన్‌లోని సైనిక పరీక్షా కేంద్రానికి తీసుకెళ్లారు. కొలిచే కాంతిపుంజం గుండా బంతిని పంపడానికే దాదాపు 40 నిమిషాలు పట్టిందట. మౌండ్ లేని చదును నేల, ముందు రోజే ఆట ఆడి అలసిన చెయ్యి. ఇన్ని తిప్పల తరువాత నమోదైనది 93.5 మైళ్లు. 1960లో స్టాక్టన్ జట్టుకు ఆడుతూ 170 ఇన్నింగ్స్‌లో 262 మందిని బంతి కొట్టనివ్వకుండా ఔట్ చేశాడు, అంటే స్ట్రైకౌట్ చేశాడు, సరిగ్గా 262 మందికి వాక్ ఇచ్చాడు. ఆ మరుసటి ఏడు 103 ఇన్నింగ్స్‌లో వాక్‌లు 196. ప్లేట్‌కు రెండు పక్కలా బ్యాటర్లను నిలబెట్టి వేయించడం, అలసిపోయేదాకా విసిరించడం వంటివి కోచ్‌లు అతని మీద ప్రయోగించారు. ఏదీ నిలవలేదు. 1962లో ఎల్మైరా జట్టు మేనేజర్ ఎర్ల్ వీవర్ అతనికి చెప్పడం తగ్గించాడు. వేయాల్సిన బంతుల రకాలు తగ్గించి, శక్తినంతా పెట్టవద్దన్నాడు. వాక్‌లు 160 ఇన్నింగ్స్‌లో 114కు దిగాయి. 1963 మార్చిలో, పెద్ద లీగ్ గడప దాకా వచ్చాక, మోచెయ్యి దెబ్బతింది. డల్కౌస్కీ మేజర్ లీగ్‌లో ఒక్క బంతీ వేయలేదు. ఒక మనిషి మీద ఇన్ని చేతులు పడి, ఏ ఒక్క చెయ్యీ అసలు కారణాన్ని తాకకపోవడం ఈ చరిత్రలో బాధ కలిగించే ఘట్టం.

శాండీ కౌఫాక్స్ కథ ఇలాగే మొదలై మరోలా ముగిసింది. 1955లో 19 ఏళ్ల వయసులో డాడ్జర్స్‌లో చేరాడు. బోనస్ పెద్దదవడంతో అప్పటి నిబంధనల ప్రకారం అతన్ని చిన్న లీగ్‌కు పంపి సానబెట్టే వీలు లేకపోయింది. 1958లో 158 ఇన్నింగ్స్‌కు పైగా ఆడి 105 వాక్‌లు, 1960లో 175 ఇన్నింగ్స్‌లో 100 వాక్‌లు ఇచ్చాడు. ఆట మానేయాలని కూడా అనుకున్నాడు. 1961 వసంతంలో ఓర్లాండోలో జరిగిన ఒక సన్నాహక ఆటలో బంతులు అదుపు తప్పుతుంటే క్యాచర్ నార్మ్ షెర్రీ మౌండ్ దగ్గరికి వెళ్లి, అంత గట్టిగా విసరవద్దు, కొంచెం తగ్గించి వెయ్యి అని చెప్పాడు. తగ్గించి వేసిన బంతి కూడా మునుపటంత వేగంగానే వెళ్లిందని షెర్రీ తరువాత చెప్పుకున్నాడు. దీనితో పాటు మరో లోపమూ బయటపడింది. చెయ్యి వెనక్కి లాగేటప్పుడు కౌఫాక్స్ మొండెం, తల ఎంతగా వెనక్కి వాలేవంటే కాసేపు లక్ష్యమే అతని కంటికి కనిపించేది కాదు. దాన్ని సరిచేసుకున్నాడు.

ఈ రెండు సలహాల్లోనూ బంతిని వదిలే క్షణం ప్రస్తావనే లేదని గమనించాలి. ఒకటి ప్రయాస గురించి, మరొకటి తల గురించి. ఒళ్లంతా బిగపట్టి విసిరేవాడి భుజం ఒక్కో బంతికి ఒక్కోలా తెరుచుకుంటుంది, చెయ్యి ఒక్కో దారిలో వస్తుంది. వేళ్లు ఎంత నేర్పరివైనా ఆ తేడాలన్నిటినీ చివరి క్షణంలో సర్దలేవు. బిగువు తగ్గితే దారి ఒకటే అవుతుంది, వేళ్ల పని తేలికవుతుంది. 1961లో కౌఫాక్స్ 255 ఇన్నింగ్స్‌కు పైగా ఆడి 96 వాక్‌లే ఇచ్చాడు. 269 స్ట్రైకౌట్లతో, 1903లో క్రిస్టీ మాథ్యూసన్ నెలకొల్పిన నేషనల్ లీగ్ రికార్డును దాటాడు. 1963లో 311 ఇన్నింగ్స్‌లో వాక్‌లు 58. మోచెయ్యి కీలువాపుతో 1966లో, 30 ఏళ్లకే, ఆట విరమించాడు.

అదే కాలంలో వేళ్ల దగ్గరే ఆగి, అక్కడే ఫలితం సాధించిన కోచ్ ఒకడున్నాడు. అతను జానీ సెయిన్. బంతిని ఒక పుల్లకు గుచ్చి, చేతిలో పట్టుకుని తిప్పుకునేలా ఒక సాధనం తయారుచేసి పిచర్లకు ఇచ్చాడు. గదిలో కూర్చుని కూడా బంతి మీద వేళ్లు ఎలా జారుతున్నాయో, అది ఎటు తిరుగుతోందో చూసుకోవచ్చు. అతని దగ్గర పనిచేసినప్పుడే 1961లో వైటీ ఫోర్డ్ 25 ఆటలు, 1966లో జిమ్ కాట్ 25, 1968లో డెన్నీ మెక్లెయిన్ 31 ఆటలు గెలిచారు. వాళ్లంతా శరీరం అప్పటికే అదుపులో ఉన్న పిచర్లు. వాళ్లకు కావలసింది బంతి తిరుగుడులో మెరుగు మాత్రమే. సెయిన్ పద్ధతి వాళ్లకు సరిపోవడం, డల్కౌస్కీ లాంటివాళ్లకు అలాంటివేవీ సరిపోకపోవడం ఒకే కారణం వల్ల జరిగాయి.

వేళ్ల లోపానికీ ఒంటి లోపానికీ ఉన్న ఆ తేడా నోలన్ రైయన్‌తో కోచ్‌లకు స్పష్టమైంది. 1971లో న్యూయార్క్ మెట్స్‌కు 152 ఇన్నింగ్స్ ఆడి 116 వాక్‌లు ఇచ్చాడు. ఆ డిసెంబరులో మెట్స్ అతన్ని కాలిఫోర్నియా ఏంజెల్స్‌కు పంపేసింది. అక్కడి పిచింగ్ కోచ్ టామ్ మోర్గన్ అతని తొందరను పట్టుకున్నాడు. రైయన్ ఒళ్లు చేతికంటే ముందే ప్లేట్ వైపు దూసుకుపోయేది. వెనకబడ్డ చెయ్యి దాన్ని అందుకోలేక ఆలస్యంగా, పక్కదారిలో వచ్చేది. ఒళ్లు ఆగితే చెయ్యి దానంతటదే వేళకు వస్తుందన్నది మోర్గన్ నమ్మకం. 1972లో రైయన్ 329 మందిని, 1973లో రికార్డు స్థాయిలో 383 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఇన్నింగ్స్ లెక్కన వాక్‌లు తగ్గాయి గానీ పోలేదు. 1977లో మళ్లీ 204కు చేరాయి. ఒకసారి నేర్చుకున్న దిద్దుబాటు కలకాలం నిలుస్తుందన్న భరోసా ఈ విద్యలో లేదు.

1970ల నుంచి దిద్దుబాటును కష్టతరం చేసిన సంగతులు రెండు. మొదటిది వేగం మీద వ్యామోహం. 1974లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ కోచ్ డానీ లిట్‌వైలర్, పోలీసులు వాహనాల వేగం కొలిచే రాడార్ గన్‌ను బంతికి వాడవచ్చని గుర్తించాడు. కొద్ది కాలంలోనే అది ఆటగాళ్లను వెతికే ప్రతి స్కౌట్ చేతికీ వచ్చింది. వేగానికి అంకె ఉంది, అదుపుకు అప్పట్లో అలాంటి అంకె లేదు. పిల్లలు సహజంగానే అంకె ఉన్నదాని వెంటపడ్డారు. రెండోది బేస్ దొంగతనాలు, అంటే పిచర్ బంతి వేసే వేళ చూసి రన్నర్ తరువాతి బేస్‌కు ఉరకడం. 1974లో లూ బ్రాక్ 118 బేస్‌లు, 1982లో రికీ హెండర్సన్ 130 బేస్‌లు దొంగిలించారు. రన్నర్‌ను ఆపాలంటే పిచర్ త్వరగా వేయాలి. అందుకని మోకాలు ఎత్తడం మానేసి పాదాన్ని నేలబారుగా జరిపి వేసే పద్ధతి వ్యాపించింది. కాలు తొందరగా దిగుతుంది, చెయ్యి మాత్రం పాత లయలోనే వస్తుంది. రన్నర్ లేనప్పుడు చక్కగా వేసేవాడు రన్నర్ ఉన్నప్పుడు బంతిని పైకి వేయడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

1985లో టెక్సస్ రేంజర్స్ పిచింగ్ కోచ్‌గా వచ్చిన టామ్ హౌస్ కెమెరాను, కంప్యూటర్‌ను నమ్మాడు.  కోచ్‌లు తరతరాలుగా చెబుతున్న చాలా మాటలు ఫిల్ములో కనిపించినదానికి పొసగడం లేదని అతను తేల్చాడు. తన పిచర్లతో అమెరికన్ ఫుట్‌బాల్ విసిరించాడు. ఆ బంతి చేతిలోంచి సరైన తీరులో రాకపోతే గాలిలో వణుకుతూ పోతుంది, తప్పు వెంటనే తెలుస్తుంది. చూసినవాళ్లు నవ్వారు గానీ, 1989లో రేంజర్స్‌లో చేరిన రైయన్ 42 ఏళ్ల వయసులో 301 స్ట్రైకౌట్లు చేశాడు, 239 ఇన్నింగ్స్‌లో 98 వాక్‌లే ఇచ్చాడు.

హౌస్ పేరుతో ప్రచారమైన తువ్వాలు సాధన ఇంకా బడి మైదానాల్లో కనిపిస్తుంది. పిచర్ బంతికి బదులు ఒక చిన్న తువ్వాలు కొసను చూపుడువేలు, నడిమివేళ్ల సందున పట్టుకుంటాడు. అతని ముందు పాదం దిగే చోటుకు కొన్ని అడుగుల అవతల మరొకరు మోకాలి మీద కూర్చుని గ్లవ్ చాపుతారు. పిచర్ మామూలుగా విసిరినట్టే కదిలితే తువ్వాలు చివర గ్లవ్‌ను ఛళ్లున తాకాలి. ముందే వదిలే అలవాటున్నవాడి తువ్వాలు గ్లవ్‌కు అందదు. మొండెం పక్కకు వాలేవాడిది పక్క నుంచి పోతుంది. చెయ్యి అలసిపోకుండా వందసార్లు చేసుకోవచ్చు. జపాన్‌లో కూడా తువ్వాలుతో ఉత్తుత్తి పిచింగ్ చేయడం పాత అలవాటే. దీని మీద విమర్శ కూడా గట్టిదే. తువ్వాలుకు బంతి బరువు లేదు, వేళ్లను వెనక్కి నెట్టే ఒత్తిడి లేదు. కాబట్టి అది మొండెం దారిని నేర్పగలదు గానీ వేళ్లు తెరుచుకునే వేళను నేర్పలేదు.

హౌస్, రైయన్ కలిసి చేసిన ఒక చిన్న దిద్దుబాటు ఈ చరిత్రలో అన్నిటికంటే ఫలించింది. ఆరడుగుల పది అంగుళాల ఎత్తున్న సియాటిల్ పిచర్ రాండీ జాన్సన్ 1991లో 152, 1992లో 144 వాక్‌లు ఇచ్చాడు. 1992లో టెక్సస్‌లో ఆడటానికి వచ్చినప్పుడు ప్రత్యర్థి జట్టువాళ్లయినా వీళ్లిద్దరూ అతనితో మాట్లాడారు. అతని ముందు పాదం మడమ మీద దిగుతోంది. మడమ మీద దిగిన కాలు బొంగరంలా తిరుగుతుంది, ఒళ్లు మూడో బేస్ వైపు లాక్కుపోతుంది, చెయ్యి ప్రతిసారీ కొత్త చోట తేలుతుంది. పాదం ముందు భాగం మీద దిగమన్నారు. 1993లో జాన్సన్ వాక్‌లు 99కి తగ్గాయి, స్ట్రైకౌట్లు 308కి పెరిగాయి. రెండు మీటర్ల పైచిలుకు మనిషి చేతివేళ్ల తప్పును అతని మడమ దగ్గర సరిచేశారు.

ఇది ఎందుకు పనిచేస్తుందో వివరించే కొలతలు దాదాపు అదే సమయంలో వచ్చాయి. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో శస్త్రవైద్యుడు జేమ్స్ ఆండ్రూస్ 1987లో స్థాపించిన అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో గ్లెన్ ఫ్లైసిగ్ బృందం పిచర్ల ఒంటికి గుర్తులు అతికించి వేగవంతమైన కెమెరాలతో చిత్రీకరించింది. ముందుగా కటి తిరుగుతుంది, సెకనుకు సుమారు 600 డిగ్రీల వేగంతో. తరువాత మొండెం, దాదాపు రెండింతల వేగంతో. ఆపైన మోచెయ్యి చాచుకుంటుంది. చివరికి భుజం లోపలికి తిరిగే వేగం సెకనుకు 7,000 డిగ్రీలకు చేరుతుంది. మనిషి శరీరంలో కొలిచిన కదలికల్లో ఇంత వేగమైనది మరొకటి లేదంటారు. ముందు పాదం నేల తాకిన దగ్గర నుంచి బంతి చేతిని వీడేదాకా పట్టేది సుమారు 145 మిల్లీసెకన్లు.

ఈ చివరి అంకె దగ్గర కాస్త నిలబడాలి. కంటికి కనిపించినదానికి మనిషి స్పందించడానికి సుమారు 200 మిల్లీసెకన్లు కావాలి. అంటే పాదం ఆనిన తరువాత పిచర్ బుద్ధిపూర్వకంగా మార్చగలిగింది ఏమీ లేదు. 'ఇంకాస్త ఆగి వదులు' అన్న సలహా మెదడుకు అందేసరికి బంతి చేతిని వీడిపోయే ఉంటుంది. కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో జాన్ హోర్ బృందం 1990లలో విసురులో వేళ్లు తెరుచుకునే వేళను మిల్లీసెకన్లలో కొలిచింది. బంతి పైకో కిందికో పోవడంలో ఆ వేళ తేడాలదే పెద్ద పాత్ర అని చూపింది. చిన్నమెదడు దెబ్బతిన్న రోగులు ఆ వేళను సరిగా పాటించలేకపోతున్నారని 1999లో వెల్లడించింది. వేళ్లకు ఆజ్ఞ చాలా ముందే బయలుదేరుతుంది, చెయ్యి ఫలానా సమయానికి ఫలానా చోట ఉంటుందన్న అంచనాతో. పాదం, కటి, మొండెం ప్రతిసారీ ఒకేలా వస్తే ఆ అంచనా ఫలిస్తుంది. అవి మారితే, వేళ్లు తమ వేళకు తెరుచుకున్నా బంతి తప్పుతుంది.

అంచనా వేసే యంత్రాంగమే చెడిపోతే ఏం చేయాలో మాత్రం ఎవరికీ చేతకాలేదు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ పిచర్ స్టీవ్ బ్లాస్ 1971 వరల్డ్ సిరీస్‌లో రెండు ఆటలు చివరిదాకా వేసి గెలిపించాడు, 1972లో 19 విజయాలు సాధించాడు. 1973లో 88 ఇన్నింగ్స్‌కు పైగా ఆడి 84 వాక్‌లు ఇచ్చాడు. చేతికి గాయం లేదు, వేగమూ తగ్గలేదు. అతని పేరే ఆ జబ్బుకు పేరుగా మిగిలింది. 2000 అక్టోబరు 3న సెయింట్ లూయిస్ యువకుడు రిక్ ఆంకీల్ ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు బంతులు క్యాచర్‌కు అందనంత దూరంగా వేశాడు. 1890 తరువాత మేజర్ లీగ్‌లో అలా జరగలేదు. అతను కోలుకోలేదు. 2007లో ఔట్‌ఫీల్డర్‌గా, బ్యాటర్‌గా తిరిగొచ్చాడు. ఇలాంటివారిని కదలిక గురించి ఇంకా ఎక్కువ ఆలోచించమనడం మంట మీద నూనె పోయడమే అయింది.

మొత్తం కదలికను విప్పి మళ్లీ కట్టిన సందర్భాల్లో రాయ్ హాలడేది పేరుపడింది. 2000లో టొరంటోకు ఆడుతూ 67 ఇన్నింగ్స్‌కు పైగా వేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 10.64 పరుగులు ఇచ్చాడు. మరుసటి ఏడు అతన్ని చిన్న లీగ్‌లలో బాగా కింది మెట్టుకు పంపారు. మెల్ క్వీన్ అనే కోచ్ నిట్టనిలువుగా వచ్చే అతని చేతిని కొంత పక్కకు దించి, కొత్త బంతులు నేర్పాడు. 2003లో హాలడే 266 ఇన్నింగ్స్‌లో 32 వాక్‌లే ఇచ్చి, మేటి పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు.

ఇద్దరు భారతీయులకు ఈ విద్యతో నేరుగా పరిచయం 2008లో కలిగింది. ఒక టెలివిజన్ పోటీలో ఎంపికైన ఉత్తరప్రదేశ్ యువకులు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లను లాస్ ఏంజెలిస్‌లో టామ్ హౌస్ దగ్గరికి తీసుకెళ్లారు. ఇద్దరూ జావెలిన్ విసిరినవారే, బేస్‌బాల్ అంతకుముందు ఆడినవారు కాదు. బల్లెం విసిరే చెయ్యి పైకి ఎగిసేలా ముందుగా వదలడానికి అలవాటుపడుతుంది. పిచర్ చెయ్యి ఇంకా ముందుకు వచ్చి, కిందికి దిగే వాలులో వదలాలి. కొన్ని నెలల్లోనే ఆ ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ సంస్థ ఇద్దరినీ చేర్చుకుంది. మేజర్ లీగ్ దాకా చేరలేకపోయినా, రింకూ అక్కడి చిన్న లీగ్‌లలో కొన్నేళ్లు కొనసాగాడు.

2006 పోస్ట్‌సీజన్‌తో మొదలైన పిచ్ ఎఫ్ఎక్స్ కెమెరాల తరువాత, 2015లో అన్ని స్టేడియాల్లోకి వచ్చిన స్టాట్‌కాస్ట్, 2020లో దానికి జతపడ్డ హాక్‌ఐ ఇప్పుడు ప్రతి బంతీ చేతిని వీడిన చోటును నమోదు చేస్తున్నాయి. ఒక పిచర్ చెయ్యి ఆట చివరికి రెండు అంగుళాలు కిందికి జారితే మర్నాడు అది పటంలో చుక్కలుగా కనిపిస్తుంది. సియాటిల్ దగ్గర కెంట్‌లో కైల్ బాడీ పెట్టిన డ్రైవ్‌లైన్ వంటి శిక్షణశాలలు వేగవంతమైన కెమెరా ముందు వేర్వేరు బరువుల బంతులు విసిరిస్తాయి. బరువు మారితే శరీరం తప్పించుకునే దారులు మూసుకుపోయి, చెయ్యి తక్కువ ప్రయాసతో వచ్చే దారి వెతుక్కుంటుందన్నది వారి వాదన. అలాంటి బరువు బంతుల మీద 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరు వారాల సాధనతో కుర్రాళ్ల వేగం 3.3 శాతం పెరిగింది, వారిలో 24 శాతం మంది గాయపడ్డారు. ఈ రెండు అంకెలను కలిపే చదవాలి.

ఇన్ని పరికరాలూ పెద్ద లీగ్‌లకే. పన్నెండేళ్ల పిల్లవాడు 46 అడుగుల నుంచి వేస్తాడు. ఒకటి రెండేళ్లలో 60 అడుగుల 6 అంగుళాలకు మారతాడు, అదే సమయంలో అతని చేతులూ కాళ్లూ పొడవు సాగుతాయి. నేర్చుకున్న లయంతా చెదిరిపోతుంది, బంతులు పైకి లేస్తాయి. అక్కడుండేది సాయంత్రం పూట వచ్చి నేర్పే ఎవరో ఒకరి తండ్రి. పైకి పోయిన బంతికి ఒళ్లు ముందుకు ఉరికి చెయ్యి వెనకబడడం కారణమా, మోచెయ్యి అలసి కుంగడం కారణమా అన్నది అతను కంటితోనే తేల్చుకోవాలి. మొదటిదానికి పాదం, మోకాలు చూసి దిద్దాలి. రెండోదానికి దిద్దుబాటు లేదు, బంతి తీసుకుని పిల్లవాణ్ని కూర్చోబెట్టాలి. ఇలాంటి అలసటను అరికట్టడానికే 2007లో పిల్లల ఆటలు నడిపే లిటిల్ లీగ్ బంతుల సంఖ్యకు రోజువారీ పరిమితి పెట్టింది, 2014లో మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి వయసుల వారీగా విశ్రాంతి రోజులు సూచించాయి.